కోడిచారు కాగిన పొద్దు

మనవరాలు చలికి చికెన్ సూప్ చేస్తోంది. ఆ మిరియాల ఘాటుకు హాలియా దగ్గరి మా ఇల్లు కళ్లముందు నిలిచింది. నా ఈడు వాళ్లారా, పోలీస్ యాక్షన్ ఏటి చలి యాదికుందా?

కమ్యూనిస్టుల సంఘంలో తిరిగే మా చిన్నాయన దగ్గుతో వచ్చి అటక మీద దాక్కున్నాడు. అవ్వ ఆయనకు కోడిచారు కాస్తుంటే పోలీసులు వచ్చారు.

"చారు ఎవరికే ముసల్దానా?"

"గీ పిల్లకు దొరా. దిష్టి తగిలి సలిజరమొచ్చింది."

అంటూనే గుప్పెడు ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పోలీసులు దగ్గారు, నేను దగ్గాను, అటక మీద చిన్నాయన కూడా దగ్గాడు. ఆ పొగలో ఎవరి దగ్గు ఎవరిదో తేలలేదు. వాళ్లు కళ్లు తుడుచుకుంటూ, తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

అవ్వ ఒక్కతే దగ్గలేదు. పైకి చూసి, "దిగు కొడుకా, చారు సల్లగైతాంది" అంది.