సారపప్పు రుచి

ఎనభైల్లో హోమ్ సైన్స్ చదువుతూ, అడవి సారపప్పు కోసం చాట్రాయి వైపు వెళ్లాను. ఎక్కడా దొరకలేదు. తిరుగు బస్సులో, మామిడికాయల బుట్టల మధ్య, పక్కనున్న పెద్దావిడ ఒళ్లో వదులుగా కట్టిన చిన్న మూటలో కనిపించింది.

“మామ్మగారూ, గుప్పెడు ఇస్తారా? ల్యాబ్‌లో పొడి చేసి, కాల్చి, ఎంత బలముందో చూడాలి.”

“కాల్చడానికైతే ఇవ్వనమ్మా. గుప్పెడు పప్పు రావాలంటే పూటంతా రాతిమీద గింజలు కొట్టాలి. అసలు నువ్వెప్పుడైనా తిన్నావా?”

లేదన్నాను. సిగ్గేసింది. ఆవిడ మూట విప్పి నా దోసిట్లో పప్పు పోసి, నేను నమిలేదాకా చూస్తూ కూర్చుంది. పచ్చికొబ్బరికన్నా కమ్మగా ఉంది. నూజివీడు చేరేసరికి దోసిలి ఖాళీ అయింది.

రికార్డులో మాంసకృత్తులు, కొవ్వుల పట్టిక ఖాళీగానే ఇచ్చాను. ఇప్పటికీ ఆ పేజీ తెరిస్తే నాకు నోరూరుతుంది.