అంటే ఏం చేయల్ల?

పోయిన మంగళవారం మా మేనత్త కన్నుమూసిందని ఊరినుంచి కార్డు వచ్చింది. నేను పోయేసరికే మట్టి చేసేశారు. దినాలనాడు ఊరి పెద్ద మా అరుగుమీద కూర్చుని, "అద్వైతమంటే ఆమెదప్పా. మహాజ్ఞాని" అని పదిమందికి చెబుతున్నాడు. ఆ జ్ఞానానికి ఆయన వేసిన శిక్షేమిటో నాకు తెలుసు. నేను చేసిందీ తెలుసు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అత్తకు అక్షరం ముక్క రాదు. చిన్నవయసులోనే మొగుడు పోతే మా ఇంటికొచ్చి, తల్లిలేని నన్ను సాకింది. ఆమె ఉన్న ఇంట్లో ముఖం కడిగిన నీళ్లు కూడా వంగమొక్క పాదులోకి పోవాల్సిందే.

పందొమ్మిదివందల యాభైలలో వాన మొహం చాటేసిన ఏడు అది. నేను బడిపంతులుని. సాయంత్రాలు ఊరి పెద్ద అరుగుమీద నేను వేదాంతం చదివితే, ఆయన అర్థం చెప్పేవాడు. అత్త ఓ మూల విత్తనానికి శనక్కాయలు వలుస్తూ వినేది. పుస్తకం మూయగానే ఆమెది ఒకటే ప్రశ్న: "అంటే ఏం చేయల్లప్పా?" దేహం శాశ్వతం కాదని చదివిన రోజూ అదే అడిగింది. అందరూ నవ్వారు. ఆమె ఇంటికొచ్చి పెట్టె అడుగునున్న పెండ్లిచీర తీసి కట్టుకుంది. "ఒళ్లే ఉండనప్పుడు దీన్ని ఎవురికి దాచిపెట్టేది?" అంది. మర్నాడు ఆ చీరతోనే పేడ ఎత్తింది.

అన్ని ప్రాణుల్లో ఉండేది ఒక్కటేనని చదివిన సాయంత్రం మాత్రం ఆమె ఏమీ అడగలేదు.

అప్పుడు ఊరికి నీళ్లంటే ఎండిన వంకలో ఇసుక తోడిన చెలమలే. పైన మాది. కింద, బురద ఊరేది హరిజనవాడది. మర్నాడు పొద్దున అత్త కిందికి పోయి, కడవ ముందు పెట్టుకుని కూర్చున్న ఒక బాలింతను చేయి పట్టుకుని పిలుచుకొచ్చింది. మా చెలమలో ఆమె చేతనే ముంచించింది.

ఊరి పెద్ద పరుగున వచ్చాడు. "ఏమమ్మా, మతి పోయిందా?"

"నిన్న నువ్వే చెప్తివి గదప్పా, అందర్లో ఉండేది ఒకటేనని. నేను నిజమనుకుంటి."

"అది ఇనేదానికి చెప్పే మాట. నీళ్లకాడ పనికొచ్చే మాట కాదు."

పదిమందిలో తప్పయిందని ఆమె చెప్పేదాకా మా ఇంటి కడవ పై చెలమకు రాగూడదన్నాడు. "యాడ తప్పుండాదో చూపించమను, చెప్తా" అంది అత్త నాతో. రోజూ కింది చెలమ దగ్గర ఆ బాలింత పక్కనే వంతుకు కూర్చుని, తెచ్చిన బురదనీళ్లు గుడ్డలో వడగట్టి మాకు పోసేది.

ఎనిమిది రోజులకే నా ఓపిక అయిపోయింది. నీళ్లకు కాదు. అరుగుమీద చదవడానికి నన్ను పిలవడం మానేశారు, అదీ నా బాధ. థూ, ఏం బతుకు. ఆమెకు చెప్పకుండా ఊరి పెద్ద అరుగుకు పోయి, పదిమందిలో ఆమె పేరుమీద చేతులు కట్టుకుని తప్పొప్పుకున్నాను. ఆ బాలింత మళ్లీ రాకుండా చూస్తానని కూడా మాటిచ్చాను. ఎన్ని పుస్తకాలు చదివానో నాకే లెక్క లేదు. చదివింది చేయాలని చూపించిన మనిషి ఆమె ఒక్కతే, ఆ రుణం నేను తీర్చుకున్న తీరు ఇది.

నేను తెచ్చిన తేట నీళ్ల కడవను అత్త చూసింది.

"తప్పయిందని చెప్పినావా?"

"చెప్పినా."

"నా పేరుమీదనేనా?"

"ఊ."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ నీళ్లు తనే ముంచి అందరికీ పోసింది. నా పెళ్లాం మొహమాటపడితే, "నీళ్లేం పాపం చేసినాయి, తాగండి" అంది. తను మాత్రం కింది చెలమ నుంచి తెచ్చుకున్న చెంబు దగ్గర పెట్టుకుంది. వానలు పడేదాకా ఆమె తాగింది ఆ నీళ్లే. మొండిదని ఊరు ఆమె జోలికి పోలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కొంగు అడ్డం పెట్టి బురదనీళ్లు వడగట్టుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని నా లోటా ఎత్తాను. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇంకో లోటా పోయమని అడిగాను. తన చెంబు పక్కన పెట్టి, లేచి పోసింది.