గంగాదేవికి వచ్చిన శుభలేఖ

గిలకలదిండి రేవులో బోట్లు వచ్చేదాకా చేపలమ్మే ఆడవాళ్ళకు పని ఉండదు. ఖాళీ తట్టలు పక్కన పెట్టుకుని కూర్చుంటాం. ఆ కాసేపట్లో గంగాదేవి ఫోనులో పేపరు తెరిచి పైకి చదువుతుంది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. మా అందరిలో తడుముకోకుండా చదివేది ఆవిడ ఒక్కతే. చదివి ఊరుకోదు, ప్రతి వార్తకూ తీర్పు కూడా చెప్పేస్తుంది.

ఆ రోజు అసెంబ్లీలో ఒకరినొకరు తిట్టుకుని బయటికి వెళ్ళిపోయారని చదివి, వేలంపాటలో మనమే ఇంతకంటే పద్ధతిగా అరుచుకుంటాం అంది. సముద్రం ఏటేటా వేడెక్కుతోందని, చేప లోతుకు పోతోందని శాస్త్రవేత్తలు తేల్చిన వార్తకు మాత్రం ఏమీ అనలేదు. అది మా తట్టలకు ఎప్పుడో తెలిసిన సంగతి. చివరిది ఫోను దొంగల వార్త. పెళ్ళి శుభలేఖ అంటూ ఫోనుకు ఏదో వస్తుందట, నొక్కితే ఫోను వాళ్ళ చేతిలోకి పోతుందట. బొట్టు పెట్టి పిలవనివాళ్ళది అసలు పెళ్ళేమిటి, ఎవరూ నొక్కకండి అని గంగాదేవి కొట్టిపారేసింది. అందరం నవ్వాం.

మధ్యాహ్నానికి తనే నొక్కింది.

ఎందుకు నొక్కిందో తెలియాలంటే నాగాయలంకలో ఉండే ఆవిడ అన్న నూకరాజు సంగతి చెప్పాలి. గంగాదేవి భర్త బోటు మీద కాలు విరిగి మంచాన పడిన ఏడాది, ఆ ఇంటికి బియ్యం నాగాయలంక నుంచే వచ్చాయి. అలాంటి అన్న. ఆయన కూతురు శ్రీదుర్గ పుట్టినప్పుడే గంగాదేవి కొడుకు మోహన్‌కని అనుకున్నారు. తీరా ఈడొచ్చాక గంగాదేవి వద్దంది. మేనరికాల్లో పుట్టే పిల్లలకు జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువని పేపరులో సైన్సు పేజీలో చదివింది. చదివినదాంట్లో తప్పేమీ లేదు. కానీ వెళ్ళి అన్న పక్కన కూర్చుని మాట్లాడిందా? లేదు. ఫోను చేసి, మాకు చదివినట్టే ఆయనకూ ఆ వార్తంతా చదివి వినిపించింది.

అంతా విని నూకరాజు ఒకటే అన్నాడట. "అయితే ఇక ఆ పేపరే నీ పుట్టిల్లనుకో."

అప్పటినుంచి రాకపోకలు లేవు. మోహన్ పెళ్ళికి పుట్టింటి చీర రాలేదు. కొడుకు పీటల మీద ఉన్నా ఆవిడ చూపు వాకిలి వైపే ఉండటం నేను చూశాను.

అలాంటిది ఆ మధ్యాహ్నం నూకరాజు నంబరు నుంచి శుభలేఖ వచ్చింది. శ్రీదుర్గ పెళ్ళే అనుకుంది. ఇన్నేళ్ళకు అన్న మెత్తబడ్డాడు, ఇంటికొచ్చి పిలవడానికి మొహం చెల్లక ఫోనులో పంపాడు అనుకుంది. పొద్దున చదివింది గుర్తు రాలేదా అని అడిగాను. వచ్చిందనే చెప్పింది.

"అది దొంగదైతే పోయేది ఫోనే. నిజమైనదైతే, తెరవకపోతే పుట్టిల్లే పోతుంది కదే," అంది.

అందులో ఏ శుభలేఖా లేదు. కాసేపటికి ఆవిడ పేరుతో రేవులో అందరికీ అదే వచ్చింది. గంగాదేవి పంపిందంటే అనుమానం ఎవరికి? సగం మంది నొక్కారు. చెప్పేవి శ్రీరంగనీతులని చిట్టెమ్మ రేవంతా వినేలా దెప్పింది.

బందరులో ఫోన్లు బాగుచేసే కృష్ణప్రియ అన్నీ సరిచేసి ఇచ్చింది. పెద్ద నష్టమేమీ జరగలేదు. అయినా గంగాదేవి కొట్టులోంచి కదలదు. మా అన్న ఫోను నుంచి నాకెందుకు పంపారు అని అడిగింది. వాళ్ళు ఏరి పంపరని, ఆ ఫోనులో ఎవరెవరి పేర్లు ఎక్కించి ఉంటే వాళ్ళందరికీ వెళ్ళిపోతుందని కృష్ణప్రియ చెప్పింది.

"మరి పేరు లేకపోతే?"

"రాదండీ."

అన్న నా పేరు తీసెయ్యలేదు అని కొట్టులోనే కళ్ళు తుడుచుకుంది గంగాదేవి.

మర్నాడు పండ్లు, ఒక చీర సంచీలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని నాగాయలంక బస్సెక్కింది. పిలవని పేరంటానికి వెళ్తున్నావని నేను సణుగుతూనే ఉన్నాను.

నూకరాజు అరుగు మీద ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేవలేదు. ఆ శుభలేఖ గురించి నిన్నటినుంచి ఊళ్ళోవాళ్ళంతా తిడుతున్నారని, ఇక్కడ పెళ్ళీ లేదు ఏమీ లేదని ఎటో చూస్తూ చెప్పాడు.

"తెలిసే వచ్చాను అన్నయ్యా. నీ ఫోనులో నా పేరుందని వచ్చాను."

"నీ పేరు ఆ రోజే తీయించేశాను," అన్నాడు నూకరాజు.

ఆవిడ సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చిన మనిషికి ఒక అబద్ధమైనా చెప్పకూడదా?

శ్రీదుర్గ లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చింది.

"నేనే మళ్ళీ ఎక్కించానత్తా. నాన్నకేమన్నా అయితే ముందు నీకే కదా చెప్పాలి."

కోడలిగా వద్దనుకున్న పిల్ల. గంగాదేవి గ్లాసు అందుకోలేకపోయింది. నేను వద్దన్నది మేనరికాన్ని, నిన్ను కాదే తల్లీ అంటూ ఏడ్చింది.

శ్రీదుర్గ ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. "ఆ ముక్క అప్పుడొచ్చి చెప్పుంటే సరిపోయేదత్తా," అంది.

ఆ మాటకు అన్నాచెల్లెళ్ళిద్దరూ తలెత్తలేకపోయారు. చివరికి నూకరాజే లేచి, చెల్లెలి చేతిలో సంచీ తీసుకుని లోపల పెట్టాడు.