బావమరిది తోసిన బండి

వీధివాళ్లు అతనికి తుడుపాయన అని పేరు పెట్టారు. పళ్లయినా తోముకోకముందే పాత బనీనుతో మోటార్‌సైకిల్ ఒళ్లంతా తుడుస్తాడు; కన్నబిడ్డల ముక్కయినా అంత శ్రద్ధగా తుడిచి ఎరగడు. ఆ రోజు ఎంత తన్నినా బండి పలకలేదు. పెట్రోలుంది. ప్లగ్గు విప్పి, ఊది, బిగించాడు. ఊహూఁ. నెపం వెయ్యడానికి, నిన్న బండి అడిగి తీసుకెళ్లిన బావమరిది దొరికాడు. "నీ చెయ్యి పడితే పచ్చని చెట్టయినా ఎండుతుందిరా!" అని గుమ్మంలో నిలబెట్టి కడిగేశాడు. తమ్ముణ్ణి అన్న మాటలకు పెళ్లాం మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. వాడు మాత్రం "తప్పయింది బావా, ఎక్కు, తోస్తాను" అంటూ వెనక చేరాడు.

వీధి మలుపు దాకా తోశాక, హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే ఎర్ర స్విచ్చి తుడుపాయన కంటబడింది. పొద్దున తుడుపులో తన బనీనే దాన్ని నొక్కేసింది. బొటనవేలితో చప్పుడు కాకుండా దాన్ని వెనక్కి నెట్టాడు. బండి ఒక్కసారిగా అందుకుంది.

"వచ్చేసింది బావా! నా పాపం తీరిపోయింది!" చెమటలు కక్కుతూ వాడు నవ్వాడు.

తుడుపాయన "ఊఁ" అన్నాడు. పక్క అద్దంలో వాడి నవ్వు మొహం ఇంకా కనబడుతుంటే, అద్దాన్ని అవతలికి తిప్పేశాడు.