వదిన మిషనుకు ఎండ

జమ్మలమడుగులో నేను సైన్సు మాస్టరుగా చేస్తున్న రోజుల్లో మా అన్నకు ఇల్లు లేదు. అంటే, ఇల్లు సింహాద్రిపురం పక్కన మా ఊళ్లోనే ఉంది. అన్న అందులో ఉండడానికి వీల్లేదు. పంచాయతీ ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చున్నాడు. ఆ పార్టీ ఓడింది. ఫ్యాక్షన్ ముదిరిన ఊరు. గెలిచినవాళ్లు లేపేలోగా తనే లేచి, వదినను వెంటబెట్టుకుని, గొర్రెల మందను తోలుకుని ఊరు విడిచాడు.

వాళ్లకు పిల్లలు లేరు. ఒక పాత వ్యాను కొని, వెనక రెండు మంచాలు, ఒక పొయ్యి సర్దుకున్నారు. ముద్దనూరు వైపు రైతులు ఎరువు కోసం చేలల్లో మంద కట్టించుకుంటారు. ఈ చేలో నాలుగు రాత్రులు, ఆ చేలో వారం. గొర్రెలు ఎటు పోతే వాళ్ల చిరునామా అటు.

వదినకు ఉబ్బసం. మందును ఆవిరిగా పీల్చే మిషను ఒకటి డాక్టరు రాసిచ్చాడు. రోజుకు మూడుసార్లు పట్టాలి, ఆయాసం ముంచుకొస్తే వెంటనే పట్టాలి. మిషనుకు కరెంటు కావాలి. వాళ్లుండే చోట కరెంటు స్తంభం నీడ కూడా పడదు. సోలార్ పెట్టించుకోమని ఎవరో చెబితే అన్న నా దగ్గరికి వచ్చాడు. కరెంటు గురించి సుద్దముక్కతో చెప్పడమే గాని, ఇంట్లో ఫ్యూజు పోతే నేను పక్కింటాయన్ని పిలుస్తాను. ఆ సంగతి అన్నకు తెలియదు.

ముగ్గురం ప్రొద్దుటూరు పోయి ఒక అంగట్లో కూర్చున్నాం. ప్యానెల్ అంటే అప్పటికి మాకు సొసైటీ ఎన్నికల్లో నిలబడేదే. ఈ ప్యానెల్ నిలబడే పని లేదు, పడుకుని ఎండ కాగితే చాలునని అంగటాయన చెప్పాడు. ఆ ఉద్యోగం నాకైతే బాగా కుదిరేది. కాగితం తీసి మిషను ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు, రెండు రోజులు మబ్బు పడితే ఎంత దాచాలి అని లెక్క వేశాను. కారు బ్యాటరీ చవకే గాని రోజూ వాడుకుని మళ్లీ నింపుకోవడానికి తట్టుకోదని, ఇన్వర్టర్లకు పెట్టే పెద్ద బ్యాటరీయే ఎంచాను. దానికి తగ్గ ప్యానెల్ కూడా. ఎందుకలా ఎంచానో అన్నకు అరగంట వివరించాను.

వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయబ్బి పాఠం ఇంటాంటే మిషను కొనకముందే నాకు ఆయాసం వస్తాంది. పిల్లోళ్లు ఎట్ల ఇంటాండారో ఏమో."

ప్యానెల్‌ను వ్యాను పైన బిగించి ఇస్తానన్నాడు అంగటాయన. అన్న వద్దన్నాడు, విడిగా ఇమ్మన్నాడు. ఎండ ఎటుంటే అటు తిప్పుకుంటాడు కాబోలని మెచ్చుకున్నాను కూడా.

ఎనిమిది నెలలు మిషను బాగా తిరిగింది. ఆదివారాలు నేను వెళ్లేవాణ్ని. మూడు ఊళ్లలో అడిగితే గాని మంద జాడ తెలిసేది కాదు. ఆయాసం తగ్గి వదిన కాస్త ఒళ్లు చేసింది.

తర్వాత మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఒకరోజు బడికి ఫోన్ వచ్చింది, వదినను జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చారని. నేను పోయేసరికే అయిపోయింది. అన్న వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు.

"మిషను తిరగలేదురా," అన్నాడు. "బ్యాటరీ దిగిపోయింది."

"ఎండ లేదా అన్నా?" ఏప్రిల్ నెలలో, కడప జిల్లాలో, సైన్సు మాస్టరు అడిగిన ప్రశ్న అది.

"ఎండకేం. నేనే కంబడి కప్పినా."

ప్యానెల్ అద్దం ఎండలో మెరిస్తే రోడ్డు మీదికి కనిపిస్తుందట. జీపు చప్పుడు వినబడినప్పుడల్లా, గెలిచినవాళ్లదేమోనని దానిమీద కంబళి కప్పి, పోయాక తీసేవాడట. ఎన్నికల వారం పొద్దస్తమానం జీపులే. నాలుగు రోజులు కంబళి తీయలేదు. బ్యాటరీ నిండుగానే ఉంది కదా అనుకున్నాడట. దుమ్ముకు వదిన ఆయాసం ఎక్కువై, ఆ నాలుగు రోజులూ మిషను మామూలు కంటే ఎక్కువే తిరిగింది.

మబ్బుకు రెండు రోజులని నా కాగితంలో రాశాను. భయానికి ఎన్ని రోజులో రాయలేదు. అన్న ఊరు ఎందుకు విడిచాడో తెలిసినవాణ్ని, ప్యానెల్ ఎక్కడ పెడతావన్న ఒక్క మాట అడగలేదు.

వదినను ఊరికి తీసుకుపోలేకపోయాం. మంద కట్టించుకున్న రైతే తన చేని గట్టున చోటిచ్చాడు.

పదకొండో రోజు బస్సులో పోతుంటే, దూరాన చేలల్లో ఏదో తళుక్కుమంది. దిగి నేరుగా నడిచాను. ఎవరినీ అడగకుండా అన్న దగ్గరికి చేరడం అదే మొదటిసారి. ప్యానెల్‌ను వ్యాను పైన తాళ్లతో కట్టి ఉంచాడు.

"దించు అన్నా, ఇంకా జీపులు తిరుగుతాండాయి," అన్నాను.

"ఉండనీరా. ఇంగ ఎవురి కోసరం దాసుకోవల్ల?"

వ్యాను లోపల మంచం మీద మిషనుకు గుడ్డ చుట్టి ఉంది. వంగి బ్యాటరీ చూశాను. నిండుగా ఉంది.