అంగీకరించని అబ్బాస్ అలీ

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాస్ అలీకి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం బీడీ అయినా లేదు. ఉన్నది ఒకటే జబ్బు. అచ్చులో ఉన్నది ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా పైకి, గట్టిగా చదివితే తప్ప ఆయన చెయ్యి ముందుకు కదలదు.

లోకమంతా ఫోనులో 'నేను అంగీకరిస్తున్నాను' అన్న మాట కనపడగానే దోమను కొట్టినట్టు టక్కున కొట్టి ముందుకు పోతుంది. అబ్బాస్ అలీ మాత్రం దాని పైన ఉండే చీమతలకాయంత అక్షరాలను పిల్లనివ్వబోయే మామలాగా ఎగాదిగా చూస్తాడు. "చదవకుండా ఒప్పుకునేది ఏంది? అడిగినదానికల్లా తలకాయ ఊపేదానికి మనమేమన్నా గంగిరెద్దులమా?" అంటాడు.

ఈ జబ్బు పెళ్లినాటికే ముదిరిపోయింది. ఖాజీ గారు నిఖానామా ముందు పెడితే, మూడుసార్లు 'కబూల్' అనాల్సిన పెళ్లికొడుకు "ముందు ఆ కాయితం ఇట్లియ్యండి" అన్నాడు. చదవడం పూర్తయ్యేసరికి బిర్యానీ చల్లారింది. పెళ్లికూతురి తరఫు ముసలివాళ్లు ఇద్దరు గోడకు ఆనుకుని గురకపెట్టారు. "ఆ పొద్దే లేచి పోవాల్సినదాన్ని. గోరింటాకు ఆరలేదని కూర్చున్నా" అని భార్య జహరాబీ ఈనాటికీ చెప్పుకుంటుంది. ఒకసారి ఆమెకు తలనొప్పి వస్తే మాత్రలు తెచ్చి, పెట్టెలో మడిచిపెట్టిన కాగితం విప్పి, వాటివల్ల రాగల ఇబ్బందులన్నీ వరసగా వినిపించాడు. వాంతులు, దద్దుర్లు, గుండెదడ... పద్దెనిమిదో ఇబ్బంది దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తలనొప్పి పోయింది. ఆయనకు కళ్లు తిరిగాయి.

ఇట్లాంటి మనిషి చేతిలో రోజీ ఉద్యోగం పడింది.

రోజీది కురిచేడు. డిగ్రీ అయ్యాక మార్కాపురంలో జ్ఞానతోరణం పఠనాలయంలో చేరి, రోజూ బస్సులో వచ్చిపోతోంది. పఠనాలయానికి అధ్యక్షుడు కొండలరావు. పలకల గనుల్లో రాయి మోసిన స్థాయి నుంచి గని యజమాని దాకా ఎదిగినవాడు. పుస్తకాల గొప్పదనం మీద ఆయన మైకు అందుకున్నాడంటే ముందు వరసలోవాళ్లు పారిపోయేందుకు దారి వెతుక్కునేవాళ్లు. "చదువు లేని బతుకు గీత పడని పలక!" అని మొదలుపెడితే, మైకు వేడెక్కి కూతపెట్టాలి తప్ప ఆయన ఆపడు. అయితే ఆ మహానుభావుడు ఒక్క పుస్తకం తెరవగా చూసినవాళ్లు మాత్రం లేరు. గొప్పవాళ్లకు తీరిక ఎక్కడిదని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ పఠనాలయానికి ఒక ఆన్‌లైన్ డిజిటల్ గ్రంథాలయంలో సభ్యత్వం వచ్చింది. వేల పుస్తకాలు. చదవాలంటే ఉన్న నాలుగు కంప్యూటర్లలోనూ ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. కొండలరావు వెనకా ముందూ చూడకుండా ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశాడు.

"సోమవారం పదకొండు గంటలకు గిద్దలూరు నుంచి అతిథి వస్తాడు. తెర మీద పుస్తకం తెరుచుకోవాల. తెరుచుకోలేదనుకో, నీ కుర్చీలో మా బామ్మర్ది కూతురు కూర్చుంటది. ఆ పిల్ల పనిలేక పొద్దుగూకులూ టీవీ చూస్తా ఉండాది" అన్నాడు రోజీతో.

గురువారం ఉదయం అబ్బాస్ అలీ సంచీ, కళ్లజోడు, టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. పది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ దిగింది. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుందని రోజీ సంబరపడింది. అప్పుడే తెర మీద నిబంధనలు ప్రత్యక్షమయ్యాయి. డెబ్బై నాలుగు పేజీలు.

అబ్బాస్ అలీ గొంతు సవరించుకున్నాడు. ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం. కొండలరావు ఫ్యాను కింద కుర్చీ వేయించుకుని పర్యవేక్షణకు కూర్చున్నాడు.

"'ఈ సాఫ్ట్‌వేరును అణువిద్యుత్ కేంద్రాలు నడిపేదానికి వాడరాదు.' పాపా, మనకేమన్నా అట్లాంటి ఉద్దేశం ఉండాదా?"

"మామా, ఇక్కడ ఫ్యాను తిరిగేదానికే కరెంటు సరిగా లేదు."

"అయితే ఆరో నంబరుకు ఒప్పుకోవచ్చు" అని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. "'తగాదా వస్తే మా దేశంలో, మా ఊరి కోర్టులోనే తేల్చుకోవాల.' ఇదేంది పాపా? మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి ఆ ఊరికి బండి ఉందా?"

"నేను యా కోర్టుకూ పోను మామా, నొక్కు!"

"ఇప్పుడు పోనంటావు. రేపు కోపమొస్తే?"

కొండలరావు కుర్చీలోంచి ముందుకు వంగి, "ఆ కోర్టు ముక్క ఇంకోసారి చదువు అబ్బాస్. భలే ఉండాది" అన్నాడు. ఈయన తోడయ్యాడే అని రోజీ తల పట్టుకుంది.

శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకు లేచినప్పుడు రోజీ చూపు మౌసు మీద పడింది. అబ్బాస్ అలీ అది కనిపెట్టాడు. మౌసును ఊడబీకి, తోకతో సహా జేబులో వేసుకుని మసీదుకు పోయాడు.

శనివారం మధ్యాహ్నానికి యాభై రెండో పేజీ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. తెర మీద మళ్లీ ఒకటో పేజీ.

"యాడ ఆపినామో గుర్తుండాది గదా మామా, అక్కడికి పోదాం" అంది రోజీ, గొంతులో తేనె పోసుకుని.

"గుర్తుకేం పాపా, బాగానే ఉండాది. కాని కరెంటు లేని గంటలో వాళ్లు ఏమన్నా మార్చి ఉంటే?"

ఒకసారి తెలుగు చెప్పినదానికి మళ్లీ చెప్పకుండా, ఆయన గబగబా ఒకటో పేజీ మొదలుపెట్టాడు. రోజీ బీరువా వెనక్కి పోయి, "ప్రభువా, నాకు ఓర్పన్నా ఇయ్యి, ఈయనకు గొంతునొప్పన్నా ఇయ్యి" అని ప్రార్థించింది. ప్రభువు రెండూ ఇవ్వలేదు.

ఆదివారం రోజీ చర్చి నుంచి తిన్నగా వచ్చింది. అతిథులను పిలిచే పని మీద కొండలరావు ఆ రోజు రాలేదు. అరవై ఒకటో పేజీ దగ్గర, నాలుగు రోజుల్లో మొదటిసారి, అబ్బాస్ అలీ గొంతు తగ్గింది.

"'చదివేవారి పేరు, వారు తెరిచిన పుస్తకం, ఆగిన పేజీ, గుర్తు పెట్టుకున్న వాక్యం, అన్నియు సంస్థవారికి కనపడును.' పాపా, సంస్థ అంటే ఎవురు?"

"మనమే. అంటే... కొండలరావు సారు."

"కిటికీ పక్కన ఒకామె పుస్తకానికి పేపరు అట్టేసుకొని చదువుతా ఉంటది గదా. ఏం పుస్తకం అది?"

"గర్భసంచి జబ్బులది మామా."

"ఎవురికన్నా చెప్పినావా?"

"నేనెందుకు చెప్తా?"

"నువ్వు చెప్పవు. ఈ పెట్టె చెప్తాది."

రోజీకి అప్పటిదాకా ఆ ఆలోచనే తట్టలేదు. తట్టాక కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. "అయితే నొక్కవా? నా ఉద్యోగం పోతది మామా."

"నొక్కకుండా యాడికి పోతా? తాళం వేసినోడు తాళంచెవి యాడనో ఒకచోట పెట్టే ఉంటాడు. ఇంకా పదమూడు పేజీలు ఉండాయి గదా."

తాళంచెవి డెబ్బయ్యో పేజీలో దొరికింది. పేర్లు ఇవ్వకుండా, చదివిన పుస్తకాలు చూపకుండా కూడా వాడుకోవచ్చు, కాకపోతే ఆ సంగతి అడిగినవాడికే చెబుతారు. మిగిలిన నాలుగు పేజీలు సోమవారం ఉదయం ముగించి, పేర్ల దగ్గర 'పాఠకుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు' అని పెట్టి, పదిన్నరకు అబ్బాస్ అలీ నిటారుగా కూర్చున్నాడు. "బిస్మిల్లా" అని అంగీకరించాడు. పదీ యాభై అయిదుకు మొదటి పుస్తకం తెరుచుకుంది. రోజీ కుర్చీ నిలబడింది.

సభ ఘనంగా జరిగింది. నలుగురు పాఠకులు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని చదివారు. కొండలరావు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మనవాళ్లు ఎవరెవరు ఏం చదివినారో ఈ పెద్ద తెర మీద చూద్దాం!"

పెద్ద తెర వెలిగింది. జనం చూశారు. కొండలరావు కూడా గంభీరంగా చూసి చప్పట్లు కొట్టాడు. గిద్దలూరు అతిథి మాత్రం, "ఇందులో పేర్లు లేవేమండీ? పుస్తకాలూ కనపడటం లేదు. పాఠకుడు ఒకటి, పాఠకుడు రెండు అని ఉంది" అన్నాడు.

"పేర్లు యాడికి పోయినాయి అబ్బాస్?"

"అరవై ఒకటో పేజీలో ఉండాయి సార్. డెబ్బయ్యో పేజీలో తీసేసినా."

"నాలుగు దినాలు చదివి నువ్వు చేసింది ఇదా? చదువులో దాచుకునేది ఏముంటది?"

"బాత్రూముకు గడియ పెట్టుకునేవాళ్లంతా దొంగలా సార్?"

సభ ఘొల్లుమంది. కొండలరావు మొహం కందగడ్డ అయింది. "రేపటి నుంచి ఈ గడప తొక్కొద్దు!"

"ఆ ముక్క కాయితం మీద రాసియ్యండి. చదివి సంతకం పెడతా" అని అబ్బాస్ అలీ సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేని వేళ, కొండలరావు ఒక్కడే వచ్చాడు. మూల కంప్యూటర్ వైపు రెండుసార్లు నడిచాడు, రెండుసార్లు వెనక్కి వచ్చాడు.

"రోజీ, దీంట్లో నిజంగానే ఎవరి పేరూ ఎక్కదా?"

"ఎక్కదు సార్. అందుకే గదా అబ్బాస్ మామను తిట్టినారు."

"అది అయిపోయిన మాటలే. ఏమన్నా... అక్షరాలు నేర్పే బొమ్మల పుస్తకం ఉందా? మా మనవడికి."

ఆయన మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. రోజీ ఆ మాట అనబోయి ఆయన వైపు చూసింది. అంతంత చేతులున్న మనిషి, గనిలో బండలు పగలగొట్టిన మనిషి, చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు. ఆమె పుస్తకం తెరిచి, పైకి చదివి వినిపించే మీట చూపించి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

చెవులు మూసుకున్నవాళ్లకు తమ గొంతు తమకు వినపడదు. రెండు నిమిషాలకల్లా హాలు దద్దరిల్లింది. "అ! ఆ! ఇ! ఈ!" రోజీ పరిగెత్తి పోయి వీధి తలుపు మూసింది, కిటికీలు మూసింది, మళ్లీ వచ్చి బుద్ధిగా కూర్చుంది.

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే అర్థం కాసాగింది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆయన 'ఏం రాసినారో చూడు' అని తన ముందు పడేయడం. గని కాగితాల ప్రింట్లకు మనిషిని పంపకుండా తానే అబ్బాస్ అలీ దుకాణానికి పోయి గంటలు గంటలు కూర్చోవడం. ఆ సాయంత్రం బస్సు వదిలేసి ఆమె నేరుగా దుకాణానికి వెళ్లింది.

లోపల అబ్బాస్ అలీ ఒక ఫోను పట్టుకుని చదువుతున్నాడు. ఎదురుగా హనుమంతునిపాడు నుంచి వచ్చిన కూలీ ఏసురత్నం చెవులప్పగించి వింటున్నాడు. "'మీ ఫొటోలు చూసేదానికి అనుమతి ఇయ్యండి.' రత్నం, కూలి పని చూపించేటోనికి నీ ఫొటోలు ఎందుకంట?" "వద్దులే అన్నా, కొట్టెయ్యి" అన్నాడు ఏసురత్నం. అతను పోయాక ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ఆయనకు కూడా అంతే శ్రద్ధగా ప్రింటర్ గ్యారంటీ కార్డు చదివి వినిపించాడు. ఆ ఉద్యోగి పళ్లు నూరుకుంటూ విని, బయటపడి, "పిచ్చి ముదిరింది ముసలాయనకు" అని రోజీతో అని మరీ పోయాడు.

"మామా, మా సారు సంగతి నీకు ముందే తెలుసు గదా?"

"ఏ సంగతి? నాకేం తెలియదు. నీకూ తెలియదు."

"సరే, తెలియదు. ఆ బ్యాంకాయన చదువుకున్నోడు గదా. ఆయనకు ఎందుకు వినిపించి చంపుతావు?"

అబ్బాస్ అలీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయనకు చదవకుండా ఏసురత్నానికి ఒక్కనికే చదివితే, ఏసురత్నానికి చదువు రాదని బజారంతా తెలిసిపోదా పాపా? అందరికీ చదివితే అది నా పిచ్చి. ఒక్కనికే చదివితే వాని పరువు."

రోజీ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "మరి పెళ్లిరోజు నిఖానామా ఎవరి కోసం చదివినావు?"

ఆయన లోపలికి తొంగి చూసి, జహరాబీ లేదని రూఢి చేసుకుని, "అది మాత్రం నిజంగా పిచ్చే" అన్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం పఠనాలయం బయట కేకలు వినపడి రోజీ పరిగెత్తింది. కొండలరావు వీధి మధ్యలో నిలబడి, గుమ్మం పైనున్న బోర్డును వేలుతో పొడుస్తున్నాడు.

"కొం... డ... ల... ర... వు! రవు అంట! నా పేరుకు దీర్ఘమే లేదు! పదకొండేండ్ల నుంచి నేను కొండలరవునై వేలాడతా ఉంటే ఒక్కరన్నా చెప్పలేదే!"

రోజీ తలెత్తి చూసింది. నిజమే. తెలిసిన పేరును ఎవరు చదువుతారు? కోపం ఆయన గొంతులోనే ఉంది. మొహం మాత్రం పరీక్ష ప్యాసైన పిల్లవాడిలా వెలిగిపోతోంది. ఆమె వెంటనే ఫోను చేసింది.

"మామా, మా బోర్డు మీద తప్పు నువ్వు చూడలేదా?"

"బోర్డు ఎక్కించిన దినమే చూసినా."

"మరి చెప్పలేదే?"

"ఆయనే చెప్తాడేమో చూద్దామని కాచుకొని ఉండా" అన్నాడు అబ్బాస్ అలీ.

ఆ లోపల కొండలరావు స్టూలు తెప్పించుకుని ఎక్కి, సుద్దముక్కతో తన పేరుకు తానే దీర్ఘం పెట్టుకున్నాడు. అది వంకరపోయి పక్క అక్షరం నెత్తినెక్కింది. దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు.

"రోజీ, అబ్బాస్‌ను గడప తొక్కమను. సరిగ్గా ఉందో లేదో గట్టిగా చదివి చెప్పాల."

అబ్బాస్ అలీ పది నిమిషాల్లో వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, కళ్లజోడు సర్దుకుని, పఠనాలయం పేరుతో మొదలుపెట్టి అధ్యక్షుడి పేరు దీర్ఘం సాగదీసి మరీ చదివి, ఇంకా కిందికి దిగాడు. వెనక రెండు ఆటోలు హారన్లు కొడుతున్నా, బోర్డు మూలన ఉన్న పెయింటరు ఫోను నంబరు ఆఖరి అంకె దాకా చదివాకే పక్కకు జరిగాడు.