కేకులక్కయ్య తాగే కేకు

ఆ బేకరీలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. యజమాని దగ్గర్నుంచి పాలు తెచ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ కేకులక్కయ్యే. కేకులు కాల్చే మాస్టరు వేరే ఉన్నాడు. ఆవిడ పని వాటి మీద క్రీముతో పూలు పెట్టడం. గులాబీలంటే గులాబీలు, హంసలంటే హంసలు. ఒకసారి పెళ్లి కేకు మీద హంసలు బాతుల్లా ఉన్నాయని పెళ్లికొడుకు తల్లి గొడవకి దిగితే, కేకుని ఇటు నుంచి అటు తిప్పి, "ఇప్పుడు చూడండమ్మా, మెడలు ఎంత బాగున్నాయో" అని ఆవిడ చేతే మెచ్చుకోలు పొంది పంపించింది. అంతటి ధీమా మనిషి.

పూలు పెట్టే ముందు క్రీములో తీపి సరిపోయిందో లేదో చూసుకోవాలి కదా! చూపుడువేలి చివర కాస్తంత తీసుకుని నాలిక మీద పెట్టుకునేది. వనిల్లాకి ఓసారి, చాక్లెట్‌కి ఓసారి, మాస్టరు "ఎలా ఉందక్కా?" అని అడిగితే సరిగ్గా చెప్పడానికి ఇంకోసారి. ఇన్నేళ్లలో ఆ వేలి చివరలన్నీ కలిస్తే ఎన్ని కేకులయ్యాయో లెక్క ఆవిడకి తెలీదు గానీ, ఒంటికి తెలిసింది. రక్తపరీక్ష చేయించుకుంటే డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ చూసింది.

"పంచదార జబ్బు ఇంకా రాలేదమ్మా. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మీరు రమ్మంటే లోపలికొస్తుంది."

"క్రీము మానెయ్యాలా?"

"మానెయ్యాలి."

"వేలి చివర..."

"వేలు కూడా మానెయ్యండి. తియ్యగా ఏదైనా తాగాలనిపిస్తే పళ్లూ కూరగాయలూ మిక్సీలో వేసుకుని, వడకట్టకుండా తాగండి."

పక్కనే కూర్చున్న ఆవిడ భర్త గొంతు సవరించుకున్నాడు. ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. బస్సెక్కి ఒక్కసారి అందరి మొహాలూ చూస్తే చాలు, టికెట్ లేనివాడు ఎవడో పసిగట్టేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. "మీరు నిశ్చింతగా ఉండండి డాక్టరుగారూ. ఇకనుంచి తనిఖీ నాది," అన్నాడు.

ఇంటికి రాగానే పంచదార డబ్బా అటకెక్కింది. ఆ సాయంత్రం టీ ఒక్క గుక్క తాగి, ఆయన తల్లి కప్పు కింద పెట్టేసింది.

"ఏరా, జబ్బు గుమ్మం దాకా వచ్చింది కోడలి దగ్గరికి కదా! నా దగ్గరికి వీధి చివరక్కూడా రాలేదు. నా టీలో పంచదార ఎందుకు తీశావు?"

"ఇంట్లో ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలూనా అమ్మా?"

"నీ రూళ్లన్నీ బస్సులో పెట్టుకో," అని అత్తగారు మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. అత్తగారికి తీపంటే ప్రాణం. ఆవిడకి ప్రాణం మీదకి తెచ్చేది మాత్రం లోకంలో ఒక్కటే ఉంది, కాలీఫ్లవర్. కొత్త కాపురంలో కాలీఫ్లవర్ కడుగుతుంటే అందులోంచి పురుగొకటి తల బయటపెట్టి తనవైపే చూసిందట. అప్పట్నుంచీ ఆ పేరు ఎత్తితే ఒళ్లంతా దులుపుకుంటుంది.

డాక్టరమ్మ చెప్పింది కదా అని కేకులక్కయ్య మర్నాడే మిక్సీ ముందేసుకుంది. పాలకూర, కీరా, ఒక పుల్లటి యాపిలు వేసి గిర్రున తిప్పి మూడు గ్లాసుల్లో పోసింది. ఇన్‌స్పెక్టరు ఒక గుక్క తాగి, టికెట్ లేకుండా దొరికినవాడు సొంత మేనమామ అయితే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు. మింగాలో ఉమ్మాలో తెలీక బుగ్గలు రెండూ ఉబ్బించుకుని గోడవైపు తిరిగాడు. అత్తగారు తాగినట్టే తాగి, తన వంతు కిటికీలో ఉన్న పూలకుండీలో పోసేసింది. వాడిపోయి ఉన్న ఆ మొక్క వారం తిరక్కుండా మొగ్గ వేసింది. "చూశారా, ఎంత బలమో!" అంది సంగతి కనిపెట్టిన కేకులక్కయ్య. "అయితే దానికే పొయ్యి," అంది అత్తగారు.

కేకులక్కయ్యకి పౌరుషం వచ్చింది. ఇన్నేళ్లు జనం నోళ్లు తీపి చేసిన చేతులివి. ఒక గ్లాసుడు తాగేది రుచిగా చెయ్యలేవా? బేకరీలో పూలు పెడుతూనే ఆలోచించింది. కేకు రుచంతా పంచదారలోనే లేదు. సగం వాసనలో ఉంది. కొంత చల్లదనంలో ఉంది. మిగతాది నాలిక మీద జారే మెత్తదనంలో ఉంది. ఆ మెత్తదనం పట్టుకుంటే సగం పనైనట్టే.

ఉడికించిన బంగాళాదుంప వేసి చూస్తే గోడలకి పూసే సున్నంలా వచ్చింది. ఓట్సు నానబెట్టి వేస్తే, పుస్తకాలు అతికించుకోవచ్చన్నంత జిగురు. చివరికి బేకరీ మాస్టరు తన భోజనం డబ్బాలోంచి తెల్లటి ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంటుంటే, ఆవిడ చూపు దాని మీద పడింది. కాలీఫ్లవర్! తెల్లగా ఉంటుంది, మెత్తగా ఉడుకుతుంది, పెద్దగా రుచీ ఉండదు. ఉడికించి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, సగం అరటిపండు, కోకో పొడి, పాలు, చిటికెడు ఉప్పు, ఓ గుప్పెడు ఖర్జూరాలు కలిపి తిప్పింది. మూత తీయగానే వంటింట్లో బేకరీ వాసన గుప్పుమంది. వేలు పెట్టి చూసి, కళ్లు మూసుకుని, స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. అచ్చం చాక్లెట్ కేకు!

అత్తగారు వాసన పట్టుకుని వచ్చేసింది. "ఏమిటమ్మాయ్ అది?"

"పళ్లు అత్తయ్యా. పాలూ పళ్లూనూ," అంది కేకులక్కయ్య, కాలీఫ్లవర్ కాడల్ని కాలితో బల్ల కిందకి నెట్టేస్తూ.

అత్తగారు గ్లాసు ఎత్తింది, మళ్లీ దించలేదు. ఖాళీ అయ్యాకే దించింది. మీసంలా అంటుకున్న గోధుమరంగు నురగని తుడుచుకుని, "వాడికి చెప్పకు. రూలంటాడు," అంది. ఆ రోజు నుంచీ ఇన్‌స్పెక్టరు డ్యూటీకి వెళ్లడం ఆలస్యం, అత్తాకోడళ్లు మిక్సీ చుట్టూ చేరేవాళ్లు. క్యారెట్టూ దాల్చినచెక్కా వేసి ఒక రోజు, చిక్కటి పెరుగూ స్ట్రాబెర్రీలూ వేసి ఇంకో రోజు. అన్నిట్లోనూ ఆ తెల్ల పువ్వు ఉండేది. చెప్పేద్దామని కేకులక్కయ్య నోటిదాకా వచ్చేది. అత్తగారు ఆనందంగా గుటకలు వేస్తుంటే ఆ మాట కాస్తా లోపలికే వెళ్లిపోయేది.

ఇన్‌స్పెక్టరు ముక్కుకి అనుమానం తగిలింది. ఇంట్లోకి రాగానే గాలి పీల్చి, "కేకు," అనేవాడు. "నా బట్టలకి పట్టిన బేకరీ వాసనండీ," అనేది ఆవిడ. "బట్టలకి పట్టేది వనిల్లా. ఇది చాక్లెట్. నా కళ్లలోకి చూసి చెప్పు." ఆవిడ చూసేది. ఆయన సగం నమ్మి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు డ్యూటీకని బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్లి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాడు. బస్సుల్లో ఆయన వాడే పాత ఎత్తే అది. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎవరూ కదలకండి!" అన్నాడు. అత్తగారు చేతిలో గ్లాసుతో శిలైపోయింది. కేకులక్కయ్య బిక్కమొహం వేసింది.

"కేకుని కరగబెట్టి తాగుతున్నారన్నమాట!"

"కాదండీ, ఒట్టు. ఇది ఆరోగ్యానికి మంచిది. కావాలంటే రుచి చూడండి."

ఆయన చూశాడు. ఇంకోసారి చూశాడు. మూడోసారి చూడబోయి తమాయించుకుని, "ఇది ఆరోగ్యానికి మంచిదైతే నేను విమానం నడుపుతాను. పదండి డాక్టరు దగ్గరికి," అని మిక్సీ జారుకి మూత బిగించాడు.

ముగ్గురూ బస్సెక్కారు. దారి పొడుగునా జారుని ఆయన పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. ఆస్పత్రి గదిలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆయన ఒక మూల నిలబడి, "ఎవరూ ముట్టుకోకండి. ఇది సాక్ష్యం," అని ప్రకటించాడు. అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా జారు వంక చూశారు.

మెడకి పట్టీ వేసుకున్న ఒకావిడ మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి, "సాక్ష్యం భలే వాసనొస్తోందండీ," అంది. పక్కనే దగ్గుతున్న పెద్దాయన దగ్గు ఆపి మరీ వాసన చూశాడు.

"సాక్ష్యం కరిగిపోతోందిరా," అంది అత్తగారు. "డాక్టరమ్మ పిలిచేసరికి నీళ్లవుతుంది. అప్పుడు నీ మాట ఎవరు నమ్ముతారు? నలుగురికీ రుచి చూపించు, రేపు సాక్షులుగా పనికొస్తారు."

ఇన్‌స్పెక్టరుకి ఆ మాట సబబుగా తోచింది. నీళ్ల డబ్బా పక్కనున్న కాగితం కప్పులు తెచ్చి, తలా కాస్త తనే పోశాడు. ఒక్కొక్కరి ముందూ వంగి, టికెట్ అడిగే గొంతుతో, "కేకా, కాదా?" అని అడిగాడు.

"కేకే," అంది మెడపట్టీ ఆవిడ.

"కేకే. అయితే ఒక్క గుక్కతో చెప్పడం కష్టం బాబూ, ఇంకొంచెం పొయ్యి," అన్నాడు దగ్గు పెద్దాయన.

లోపలికి పిలిచేసరికి జారు అడుగున ఒక చెంచాడు మిగిలింది. డాక్టరమ్మ అంతా విని, నవ్వు ఆపుకుంటూ ఆ చెంచాడూ నోట్లో వేసుకుంది. కనుబొమలు పైకి లేచాయి. "ఏమేం వేశారమ్మా ఇందులో?"

"కోకో పొడి, పాలు, సగం అరటిపండు, ఖర్జూరాలు, చిటికెడు ఉప్పు..." అని కేకులక్కయ్య ఆగిపోయింది. పక్కనే అత్తగారు చెవులు రిక్కించి కూర్చుంది.

"ఇంకా?"

"కా..."

"కాకరకాయా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదండీ. కాలీఫ్లవర్."

అత్తగారు చేతులు చూసుకుంది, పొట్ట చూసుకుంది, కోడలి వంక చూసింది. "రోజూనా?" అంది పీలగొంతుతో.

"రోజూ అత్తయ్యా."

"స్ట్రాబెర్రీ దాంట్లో కూడా?"

"అందులో ఇంకాస్త ఎక్కువ."

అత్తగారు కళ్లు తేలేసి కుర్చీలో వెనక్కి వాలింది. డాక్టరమ్మ నాడి పట్టుకుని, బ్రహ్మాండంగా ఉందని చెప్పి, కేకులక్కయ్య వైపు తిరిగింది. "ఆలోచన బాగుందమ్మా. కానీ ఖర్జూరాలు ఎన్ని వేశారు?"

"గుప్పెడండీ."

"ఎవరి గుప్పెడు?"

కేకులక్కయ్య గుప్పిట చూపించింది. ఏళ్ల తరబడి క్రీము సంచులు పిండి పిండి ఇంతలావైన గుప్పిట అది. డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఖర్జూరంలో ఉన్నదీ తీపే కదమ్మా! ఒకటి చాలు. మరీ ఉండలేకపోతే ఒకటిన్నర."

"నే చెప్పలేదూ!" అని ఇన్‌స్పెక్టరు ఛాతీ విరుచుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి ఠప్పున ఊడి డాక్టరమ్మ బల్ల మీద పడింది. ఆవిడ గుండీ వంక చూసి, ఆయన పొట్ట వంక చూసి, "మీరోసారి ఆ బరువు మిషన్ ఎక్కండి," అంది.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను పేషెంటుని కాదండీ. తోడొచ్చాను."

"పరవాలేదు, ఎక్కండి."

ఎక్కాడు. ముల్లు అలా తిరుగుతూనే పోయింది. ఉన్నపళంగా ఆయన రక్తం కూడా తీశారు. డిపోలో టీ తాగినప్పుడల్లా ఎన్ని క్రీము బిస్కెట్లు తింటారని డాక్టరమ్మ అడిగితే, ఆవిడ కళ్లలోకి చూసి చెప్పలేక కిటికీలోకి చూశాడు. జబ్బు ఆయనకి గుమ్మంలో కూడా లేదు, నడవలోకి వచ్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరి మొహమూ తనిఖీ చెయ్యలేదాయన.

అత్తగారు రెండు రోజులు కోడలితో మాటలు మానేసింది. మూడో రోజు వంటింటి గుమ్మంలోకి వచ్చి గోడతో మాట్లాడుతున్నట్టు, "చాక్లెట్‌ది చేస్తే చెయ్యొచ్చు. కానీ ఆ పువ్వుని కొయ్యడం నా పని. దాన్ని నా చేత్తో ముక్కలు చేస్తేగానీ నా కడుపుమంట చల్లారదు," అంది. కేకులక్కయ్య వెంటనే కత్తి చేతికిచ్చింది. ఆ రోజు నుంచీ అత్తగారు ప్రతి పువ్వునీ ఎండలో పట్టుకుని, సందు సందూ వెతికి, "బయటికి రారా!" అని తిట్టి మరీ నరికేది. అంత సన్నగా మిక్సీ కూడా కొయ్యలేదు.

ఖర్జూరం ఒక్కటే వేస్తే మొదట్లో కేకులక్కయ్యకి ఏడుపొచ్చింది. తర్వాత నాలిక సర్దుకుంది. దాల్చినచెక్క కాస్త పెంచితే తీపి ఉందని నాలిక్కి అబద్ధం చెప్పొచ్చని కనిపెట్టింది. పక్కనే ఇన్‌స్పెక్టరు గ్లాసు పట్టుకుని వరసలో నిలబడేవాడు. "నాకు తక్కువ పోశావు," అని రోజూ గొడవే. తర్వాతి పరీక్షలో ఆవిడ జబ్బు గుమ్మం దిగి మెట్ల మీదకి వెళ్లిందని డాక్టరమ్మ చెప్పింది. ఆయనది నడవలోంచి గుమ్మంలోకి వచ్చింది.

సంగతి విన్న బేకరీ యజమాని ఊరుకోలేదు. కేకుల అద్దాల బీరువా పక్కనే ఒక మిక్సీ పెట్టించి, "తాగే కేకు, పంచదార లేదు" అని పలక కట్టించాడు. మొదటిరోజు కేకులక్కయ్య కొత్త ఏప్రన్ కట్టుకుని నిలబడింది. మెడపట్టీ తీసేసిన ఆవిడ, పక్కింటావిడని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ చెరో గ్లాసూ చివరిదాకా తాగారు. ఆహా ఓహో అన్నారు. పంచదార లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందని గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత అద్దాల బీరువా వైపు వేలు చూపించి, "రెండు చాక్లెట్ కేకు ముక్కలు కూడా ఇవ్వక్కయ్యా," అన్నారు.

"అదేంటండీ! ఇప్పుడేగా తాగారు?"

"తాగాకే మరి తినాలనిపించింది."

యజమాని గల్లాపెట్టె దగ్గర చంకలు గుద్దుకున్నాడు. కేకులక్కయ్య వాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది. డాక్టరమ్మని తలుచుకుని ముక్కలు మాత్రం బాగా సన్నగా కోసింది. కోశాక చూస్తే బోసిగా అనిపించి మనసొప్పక, ఒక్కో దాని మీదా ఇంతింత క్రీము గులాబీ పెట్టి ఇచ్చింది.